గాలి తిరిగిన ముహూర్తం

త్రిపురసుందరి ఫోనెత్తి "హలో" అంటే చాలు, అవతలివాళ్ళు "నమస్కారం సార్" అంటారు. యాభై రెండేళ్ళొచ్చినా ఆవిడకి ఆ మర్యాద తప్పలేదు. దేవుడు మనిషిని పొట్టిగా, గుండ్రంగా, పసుపుముద్దలా చేసి, గొంతు దగ్గరికొచ్చేసరికి ఏ పోలీసు అధికారి కోసమో తీసిపెట్టినదాన్ని పొరపాటున ఇక్కడ బిగించేశాడు. ఇరవయ్యో ఏట రేడియో నాటకాలకి ఆడిషన్‌కి వెళితే, "బాగా చదివావమ్మా, ఈసారి కాస్త ఆడగొంతుతో చదువు" అన్నారు. ఇప్పటిదాకా చదివింది దానితోనేనని చెప్పడానికి సిగ్గేసి బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత శ్రీనగర్ కాలనీలో ఒక బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. ఆ గొంతుకి హడలి పిల్లలు ఎక్కాలు బాగానే నేర్చుకున్నారు గానీ, పేరంటంలో ఎవరైనా పాట పాడమంటే మాత్రం సుందరికి ఠక్కున దగ్గొచ్చేది.

అలాంటి గొంతుని వెతుక్కుంటూ ఒక సినిమావాడొచ్చాడు. పూనాలో సినిమా చదువు చదువుకుని వచ్చిన కుర్ర డైరెక్టరు. కృష్ణానగర్ రోడ్డు మీద ఆవిడ ఆటో అతనితో బేరమాడుతుంటే విని, సగం తాగిన టీ గ్లాసు కొట్టు బల్ల మీద వదిలేసి, స్కూటరేసుకుని ఆ ఆటో వెనకాలే ఇంటిదాకా వచ్చేశాడు.

"అమ్మా, నా సినిమాలో హీరో తల్లి వేషం మీరే వెయ్యాలి. మీ గొంతుతోనే మాట్లాడాలి" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి.

ఈ కుర్రాడికి చీపురు చూపించాలా, కాఫీ ఇవ్వాలా అని సుందరి కాసేపు ఆలోచించింది. చివరికి కాఫీయే ఇచ్చింది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి "నా గొంతు" అని పైకే అనుకుని, తన మాట తనకే వింతగా వినపడి నవ్వుకుంది.

'మీ గొంతుతోనే' అన్నది చిన్న మాట కాదు. మన సినిమాల్లో షూటింగప్పుడు ఎవరేం మాట్లాడినా ఒకటే. తర్వాత డబ్బింగ్ థియేటర్లో కూర్చుని గొంతులు అతికిస్తారు. తెలుగు రాని హీరోయిను "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ కన్నీళ్ళు పెట్టుకుంటే చాలు, థియేటర్లో జనం వెక్కి వెక్కి ఏడుస్తారు. అందుకే జూబ్లీహిల్స్ నెత్తి మీంచి పొద్దస్తమానం విమానాలు బేగంపేటకి దిగుతున్నా పరిశ్రమకి ఏ రోజూ అడ్డం కాలేదు. ఈ కుర్రాడేమో మాట నోట్లోంచి వచ్చినప్పుడే టేపు మీద పడాలంటాడు. ఇంతకాలం ఆకాశం వైపు చూడని సినిమావాళ్ళకి ఒక్కసారిగా విమానాలు కనపడ్డాయి.

ప్రొడ్యూసరు బాలనర్సయ్య రహమత్ నగర్‌లో ఇటుకల వ్యాపారం చేసి, జూబ్లీహిల్స్‌లో గుట్టల మీద బంగళా కట్టుకున్న మనిషి. మనసు వెన్న. కానీ తల్లి గొంతంటే ఆయనకి శకుంతలమ్మ గొంతే. పాతికేళ్ళుగా తెర మీద తల్లి ఎవరైనా, వెనకనుంచి "బాబూ!" అని ఏడ్చేది శకుంతలమ్మే.

"తల్లి గొంతంటే తేనె లెక్కుండాలె గదా! గీ అమ్మ మాట్లాడుతుంటే నాకు ఠాణాల నిలబడ్డట్టున్నది" అన్నాడాయన, సుందరి ఎదురుగానే.

డైరెక్టరు పట్టు విడవలేదు. లాగి లాగి చివరికి ఒప్పందానికొచ్చారు. శుక్రవారం పొద్దున బాలనర్సయ్య బంగళా డాబా మీద ముహూర్తం షాట్. అందులో సుందరిది ఒకటే డైలాగు: "అన్నం చల్లారింది. నీ కోపం చల్లారిందా?" రాహుకాలం రాకముందే, అంటే పదిన్నర లోపల, ఆ మాట శుభ్రంగా టేపు మీద పడితే సినిమా అంతా ఆవిడ గొంతే. పడకపోతే మొదటి మాటకే అపశకునమైనట్టు; మొహం ఈవిడది, గొంతు శకుంతలమ్మది.

ఆ రోజు నుంచీ ఇంట్లో ప్రతిదాని కోపమూ చల్లారసాగింది. డైలాగు సాధన చేస్తూ కుక్కర్‌నీ అడిగింది, పాలవాణ్ణీ అడిగింది, పక్కింటి కుక్కనీ అడిగింది. ఇన్నేళ్ళూ దాచుకున్న గొంతు ఒక్కసారి పదిమంది ముందుకి రాబోతోందని సుందరికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. చిన్నపిల్లలా గాల్లో తేలిపోయింది పాపం.

ఆవిడ భర్త వెంకటాచలం సంగతి చెప్పకపోతే కథ ముందుకి నడవదు. ఆయన బేగంపేట విమానాశ్రయంలో కంట్రోలరు. టవర్‌లో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఏ విమానం దిగాలో ఏది ఆగాలో పైలట్లకి చెప్పే ఉద్యోగం. ఆ పనిలో అడిగిన దానికే జవాబు చెప్పాలి, ఒక్క మాట ఎక్కువ అనకూడదు. గాల్లో ఇంకో నలుగురు అదే లైను కోసం కాచుకుని ఉంటారు కదా. టవర్‌లో అది క్రమశిక్షణ. ఇంట్లో అది సుందరి ప్రారబ్ధం. ఒకసారి ఎదురింటివాళ్ళ పెళ్ళికి ఆయనొక్కడే వెళ్ళొస్తే, "భోజనాలు బాగున్నాయా?" అని అడిగింది. "బాగున్నాయి" అన్నాడు. పీటల మీంచి పెళ్ళికొడుకు లేచిపోయిన సంగతి ఆవిడకి వారం తర్వాత చాకలి మల్లమ్మ చెప్పింది. నిలదీస్తే, "నువ్వు భోజనాల గురించే అడిగావు" అన్నాడు, ఏ పాపమూ ఎరగనట్టు.

ఆయన ఉద్యోగం సంగతి తెలిసిన మర్నాడే బాలనర్సయ్య స్వీట్ల డబ్బాతో దిగాడు. వెనకాల డైరెక్టరు, సౌండు రికార్డిస్టు భిక్షం.

"సార్, మీరు మనింటి మనిషే ఉంటే మాకేం ఫికర్? శుక్రవారం పొద్దుగాల జర రెండు నిమిషాలు ఇమానాలు ఆపుండ్రి" అన్నాడు బాలనర్సయ్య.

"ఆపలేం."

"రెండే నిమిషాలు సార్!"

"ఆపకూడదు" అన్నాడు వెంకటాచలం. అది ఒక మాట ఎక్కువే, ఆయన లెక్కలో.

సుందరికి తల కొట్టేసినట్టయింది. "ఏమండీ, మీ వాళ్ళకి ఒక్క ఫోను చేస్తే పోయేదేముంది?" అంది, స్వీట్లు పళ్ళెంలో సర్దుతూ.

"ప్రాణాలు" అన్నాడాయన.

సుందరికి కోపమొచ్చింది గానీ, ఆ కోపంలో కూడా ఆయన చెప్పింది న్యాయమేనని తెలుసు. లోపలికెళ్ళి కాఫీ గిన్నె మీద కసి తీర్చుకుంది.

బాలనర్సయ్య అంత తేలిగ్గా లేచే మనిషి కాదు. సోఫా అంచుకి జరిగి ఇంకో వైపు నుంచి అడిగాడు.

"మంచిది సార్. మరి గీ ఇమానాలు మన నెత్తి మీద దిగుడు ఎప్పుడు బంద్ అయితది?"

"గాలి పడమటి నుంచి వీస్తే."

"అంటే?"

"విమానం ఎదురుగాలికి దిగుతుంది. ఇప్పుడు తూర్పుగాలి, అందుకని ఇటు పడమర నుంచి, జూబ్లీహిల్స్ మీంచి దిగుతున్నాయి. పడమటి గాలి వస్తే అటు సికింద్రాబాదు వైపు నుంచి దిగుతాయి."

బాలనర్సయ్య మొహం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. "గాలే గదా! గాలి దేవుడు మనోడే సార్!" అంటూ, ఇచ్చిన కాఫీ తాగకుండానే లేచాడు.

గురువారం బంగళా డాబా మీద వాయుదేవుడికి హోమం జరిగింది. తూర్పుగాలిని పడమటికి తిప్పే హోమం ఏ పుస్తకంలోనూ లేదని సిద్ధాంతిగారు మొదట నసిగారు. దక్షిణ మాట వినగానే ఎక్కడో ఒక చోట ఉన్నట్టు జ్ఞాపకం వచ్చింది. పొగ తూర్పు నుంచి వచ్చి డైరెక్టరు కళ్ళల్లోకి పోయింది. చదువుకున్నవాడు కాబట్టి నవ్వాడు. వేరే దారి లేదు కాబట్టి దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

శుక్రవారం తెల్లవారింది. సుందరి తల్లి వేషానికి తగ్గ నేత చీర కట్టుకుని డాబా మీదికొచ్చేసరికి అక్కడ పండగలా ఉంది. షామియానా అంచులు తూర్పు వైపుకి ఎగురుతున్నాయి. అంటే గాలి పడమటి నుంచి! బాలనర్సయ్య లైట్‌బాయ్‌లని కావలించుకుంటున్నాడు, సిద్ధాంతిగారి కాళ్ళకి మొక్కుతున్నాడు, మధ్యలో గాలికి కూడా చేతులు జోడిస్తున్నాడు. సిద్ధాంతిగారు తనని తానే కొత్తగా చూసుకుంటున్నారు. వెంకటాచలానికి ఆ వేళ డ్యూటీ లేదు. షామియానా కింద కూర్చుని మైసూరు బోండా తింటున్నాడు.

కెమెరాకి హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. కొడుకు వేషం వేసే కుర్రాడు అలిగిన మొహంతో అరుగు మీద కూర్చున్నాడు. సుందరి అన్నం కంచం పట్టుకుని నిలబడింది. క్లాప్ పడింది.

"అన్నం చల్లా..."

ఆకాశం చిరిగినట్టు చప్పుడైంది. మామూలుగా దిగే విమానాల గుయ్యి కాదది. ముక్కు పైకెత్తుకుని, ఒంట్లో బలమంతా తీసి అరుస్తూ ఒక విమానం వాళ్ళ నెత్తి మీంచి పైకి లేచింది. కంచంలో అన్నం మెతుకులు గెంతాయి. భిక్షం హెడ్‌ఫోన్ లాగి పారేసి చెవులు పట్టుకున్నాడు.

"గిదేంది?" అన్నాడు బాలనర్సయ్య, నోరు తెరిచి. ఇంకా ఆ నోరు మూయకముందే రెండోది లేచింది. మళ్ళీ క్లాప్ కొట్టారు. "అన్నం" అనేలోగా మూడోది.

అందరి తలలూ బోండా వైపు తిరిగాయి.

"సార్! పడమటి గాలొస్తే ఇటు దిగవంటిరి గదా!"

"దిగడం లేదు. ఎగురుతున్నాయి" అన్నాడు వెంకటాచలం. "ఎదురుగాలికే దిగుతాయి, ఎదురుగాలికే ఎగురుతాయి. పడమటి గాలికి ఎగిరేవన్నీ ఇటే వస్తాయి. ఎగిరేటప్పుడు ఇంజన్ల మోత ఎక్కువ."

"మరి గది ఆనాడే ఎందుకు చెప్పలేదు సార్?"

"మీరు దిగడం గురించే అడిగారు."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. బాలనర్సయ్య వెళ్ళి సిద్ధాంతిగారిని మళ్ళీ గాలి తిప్పమన్నాడు. ఆయన ఒకసారి తిప్పిన గాలిని నలభై రోజులదాకా తిప్పకూడదన్నారు. ఏం చేస్తాడు? జేబులోంచి సెల్‌ఫోన్ తీసి శకుంతలమ్మకి కొట్టాడు. మహాతల్లి ఫిల్మ్ నగర్‌లోనే ఉంది. బంతిపూల రంగు చీరలో, చేతిలో మిరియాల పాల ఫ్లాస్కుతో పది నిమిషాల్లో వచ్చి కూర్చుంది.

అప్పుడు సుందరికి నిజంగా ఏడుపొచ్చింది. కంచం పక్కన పెట్టి మొగుడి దగ్గరికి నడిచింది. ముప్పై ఏళ్ళ కోపం ఒక్క చోట చేరితే ఆ గొంతెలా ఉంటుందో ఆ డాబా మీద అందరూ విన్నారు.

"ఏమండీ, అడిగితేనే చెబుతారా? మీకు తెలిసిందేమిటో నాకు తెలియనప్పుడు నేనేం అడగను? విమానాలు ఆపమని ఇవాళ నేను అడగటం లేదు. తెలిసిన మాట ఒకటి చెప్పడానికి కూడా మీకు నా దరఖాస్తు కావాలా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మ పెడుతుందండీ. నేను మీకు ఇన్నేళ్ళూ అడక్కుండానే పెట్టాను!"

వెంకటాచలం బోండా పళ్ళెం కింద పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. గాలి వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. తర్వాత ఆయన జీవితంలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ అడగలేదు. అయినా చెబుతున్నాను" అన్నాడు. "ఇవాళ హజ్ యాత్రికుల విమానం ఉంది, పేపర్లో కూడా వేశారు. అది చాలా పెద్దది. పెద్ద పడవ వెళితే వెనకాల నీళ్ళు సుడి తిరిగినట్టు, అది లేస్తే దాని వెనకాల గాలి సుడి తిరుగుతుంది. చిన్న విమానం ఆ సుడిలో పడితే తిరగబడిపోతుంది. అందుకని అది లేచాక కనీసం రెండు నిమిషాలు వెనకాల ఎవరినీ లేవనివ్వరు. ఎవరు చెప్పినా సరే. అది రూలు. ఆ రెండు నిమిషాలూ ఎవరినీ ఆపమని అడగక్కర్లేదు. వాళ్ళే ఆగుతారు."

అంత పొడుగు మాట ఆయన నోట వినడం సుందరికి ఇదే మొదలు. పెళ్ళి ప్రమాణాలు కూడా ఇంతకంటే పొట్టిగానే చదివినట్టు గుర్తు.

"ఎప్పుడు లేస్తది సార్?" అన్నాడు బాలనర్సయ్య గుసగుసగా.

"పది దాటాక. ఇవాళ కొంచెం ఆలస్యమైనట్టుంది."

పది దాటింది. పదీ పావు కూడా దాటింది. పదిన్నరకి రాహుకాలం. యూనిట్ మొత్తం మెడలెత్తి తూర్పు దిక్కు చూస్తూ నిలబడింది. హాజీల చుట్టాలు ఇంకా కావలింతలు వదలడం లేదేమోనని బాలనర్సయ్య గింజుకున్నాడు. "యా అల్లా, జర జల్దీ పంపియ్యి" అని సిద్ధాంతిగారి పక్కనే నిలబడి మొక్కుకున్నాడు. సిద్ధాంతిగారు కూడా కళ్ళు మూసుకుని తలూపారు. సుందరి కంచం ఛాతీకి ఆనించుకుని మనసులో డైలాగు చెప్పుకుంది. భయంలో సగం మరిచిపోయింది, మళ్ళీ తెచ్చుకుంది.

వచ్చింది. ముందు డాబా సన్నగా వణికింది. తర్వాత హారతి పళ్ళెంలో గంట దానంతటదే మోగింది. ఆ తర్వాత తెల్లటి పొట్ట ఒకటి ఆకాశమంతా పరుచుకుని షామియానా మీంచి వెళ్ళింది. షామియానా తాడొకటి తెగింది. కొబ్బరి చిప్పలు దొర్లాయి. శకుంతలమ్మ ఫ్లాస్కు మూత ఎగిరిపోయింది. బాలనర్సయ్య చెవులు మూసుకుని, రెండు కాళ్ళ మీదా ఎగురుతూ ఏదో అరుస్తున్నాడు. ఏమన్నాడో దేవుడికి కూడా వినపడి ఉండదు.

వెంకటాచలం చెయ్యెత్తి నిలబడ్డాడు. మోత సన్నబడింది, ఇంకా సన్నబడింది, కొండల అవతలికి జారిపోయింది. ఆయన చెయ్యి దించాడు.

డాబా మీద అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. కెమెరాలో రీలు తిరిగే చప్పుడు వినపడుతోంది. సుందరి అలిగిన కుర్రాడి ముందు కంచం పెట్టింది.

"అన్నం చల్లారింది" అంది. గొంతు దాచుకోలేదు, సన్నం చేసుకోలేదు. ఇంట్లో ఎలా అంటుందో అలాగే అంది. "నీ కోపం చల్లారిందా?"

కుర్రాడికి నటించాల్సిన పని లేకపోయింది. తల దించుకుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"కట్!" అన్నాడు డైరెక్టరు. భిక్షం హెడ్‌ఫోన్ తియ్యకుండానే రెండు చేతుల బొటనవేళ్ళూ ఎత్తాడు. ఇక చూడాలి ఆ గోల! లైట్‌బాయ్‌లు ఈలలు వేశారు. బాలనర్సయ్య కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మ నీలమ్మ గిట్లనే పిలుస్తుండె. గిదే గొంతు! తేనె గీనె ఏమీ లేదు. గిదే తల్లి గొంతు" అంటూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. శకుంతలమ్మ వచ్చి సుందరి రెండు చేతులూ పట్టుకుంది.

"నా తల్లే! పాతికేళ్ళుగా తెలుగుదేశంలో అమ్మలందరి ఏడుపూ నేనే ఏడుస్తున్నాను. ఒక్క సినిమాకైనా నన్ను తప్పించావు" అని మిరియాల పాలు ఆవిడకే పోసిచ్చింది.

సుందరి పాలు చేత్తో పట్టుకునే వెంకటాచలం దగ్గరికొచ్చింది. కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది" అన్నాడు.

ఇంతే గదా అనుకుని సుందరి వెనక్కి తిరిగింది. "సుందరీ" అని పిలిచాడాయన. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే అంతసేపూ ఓపిగ్గా కాచుకుని ఉన్న విమానం ఒకటి ఇంటి మీదికి లేచింది. ఆయన ఆపలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, చెవులదాకా ఎర్రబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మొహం చదువుతున్న మనిషికి మోతలో కూడా చాలామటుకు అర్థమైంది. విమానం వెళ్ళిపోయింది. సుందరి మొహంలో ఏ భావమూ లేకుండా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"వినపడలేదండీ. మళ్ళీ చెప్పండి."

పైలట్ మళ్ళీ చెప్పమంటే, విసుక్కోకుండా మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం ఆయన వృత్తిధర్మం. వెంకటాచలం డాబా మీద జనాన్ని ఒకసారి చూశాడు. తప్పదు. మాట మాటా విడగొట్టి, టవర్‌లో చెప్పినట్టే స్పష్టంగా చెప్పాడు.

"పొద్దస్తమానం నా చెవుల్లో గొంతులే. బొంబాయివి, ఢిల్లీవి, లండన్‌వి. ఒక్కటి కూడా నాతో ఇంటికి రాదు. డ్యూటీ అయ్యాక గుమ్మంలో నీ గొంతు వింటేగానీ, నేను కిందికి దిగినట్టుండదు."

భిక్షం హెడ్‌ఫోన్ చెవులకి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. సుందరి పాలగ్లాసు శకుంతలమ్మ చేతికిచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, మొగుడికి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

"ఈ విమానాల గోలలో ఒక్క ముక్క వినపడలేదండీ" అంది. "ఇంకోసారి చెప్పండి."

వెంకటాచలం తలెత్తి చూశాడు. ఆకాశంలో ఒక్క కాకి కూడా లేదు. గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు.